నీళ్ళు సమానమయ్యేదాకా

చిరంజీవి బుజ్జికి,

అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, నా మోకాళ్ళు, వంటగది కిటికీలో గూడు పెట్టుకున్న పిచ్చుకల సంసారం, అందరం కులాసా. నీళ్ళ మీద నువ్వెలా ఉన్నావో, సముద్రం నిన్ను సరిగ్గా నిద్రపోనిస్తోందో లేదో రాయి.

ఓడ ఇంజను గదిలో పనిచేసేవాడికి ఇంకా ఉత్తరాలేమిటని మీ వాళ్ళు నవ్వుతున్నారని రాశావు. నవ్వనీ. ఫోనులో మనం మాట్లాడుకునేది ఏముంది గనక? తిన్నావా అని నేను, తిన్నాను నువ్వు తిన్నావా అని నువ్వు, మధ్యలో గాలి హోరు. నాలుగు మాటలు కుదురుగా చెప్పుకోవాలంటే కాగితమే మేలు. ఈ ఉత్తరం మీ ఓడ దాటబోయే కాలువ మొదట్లో ఉన్న రేవులో, మీ కంపెనీ ఆఫీసులో నీకోసం కాచుకుని ఉంటుంది. అక్కడి చిరునామా నువ్వు పంపినట్టే రాశాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. మాత్రలు వేసుకుంటున్నాను, నమ్మకపోతే మానెయ్. మోకాళ్ళు మెట్లు దిగేటప్పుడే గుర్తొస్తున్నాయి. కొత్త కళ్ళజోడు పెట్టుకుంటే గోడ మీద మరకలతో సహా ప్రపంచమంతా మరీ వివరంగా కనపడుతోంది, అందుకని ఇంట్లో పాతదే పెట్టుకుంటున్నాను. ఇక వాన పడితే ఉబ్బి గుమ్మానికి అతుక్కుపోయే వంటగది తలుపు. నేనొచ్చినప్పుడు చిత్రిక పడతాను, అప్పటిదాకా భుజంతో నెట్టకు అని రాశావు. ప్రతి సెలవుకీ నువ్వు అనే మాటే అది. ఆ తలుపు సంగతి చివర్లో చెబుతాను. ఆత్రపడి ఆఖరి కాగితం ముందు చదివేయకు, నీ సంగతి నాకు తెలియనిది కాదు.

ఇక్కడి విశేషమంతా మా లైబ్రరీలోనే ఉంది. ఏటా మా చదువుకునే హాల్లో ఏదో ఒక ప్రదర్శన పెడతారు కదా, ఈసారి దేని మీద పెడదామని మా లైబ్రేరియనమ్మ అందరినీ కూర్చోబెట్టి అడిగింది. ఒకరు పక్షులన్నారు, ఒకరు పాత నాణేలన్నారు. మూల గదిలో కూర్చుని చిరిగిన పుస్తకాలకు అట్టలు వేసుకునే నన్ను కూడా అడుగుతుందని నేననుకోలేదు. అడిగేసరికి నా నోట్లోంచి పెద్ద కాలువ అనే మాట వచ్చేసింది. రెండు సముద్రాలను కలపడానికి కొండను కోసి తవ్వారే, అది, అన్నాను. ఈ ప్రయాణంలో మీ ఓడ దానిగుండా పోతుందని నువ్వు రాసినప్పటినుంచీ నా బుర్రలో అదే తిరుగుతోంది మరి. నా కొడుకు వెళ్ళే దారి ఎలా ఉంటుందో ముందుగా చూసుకోవాలన్న నా స్వార్థం ఆమెకేం తెలుసు? బాగుందే, అదే పెడదాం అంది.

అంతే, ఆ రోజునుంచీ నా చేతులకు తీరిక లేదు. పాత పుస్తకాల్లోంచి బొమ్మలు పెద్దవి చేయించి, అట్టలకు అతికించి, కింద వివరం రాసే పని నాది. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని అచ్చు వేయించడం మానేశారు. హాలు గుమ్మం దగ్గర మొదటి సముద్రం, చివరి కిటికీ దగ్గర రెండో సముద్రం, మధ్యలో అలమరల వెంబడి తవ్వకం బొమ్మలు. నేల మీద ఈ చివరినుంచి ఆ చివరికి నీలం గుడ్డ పరిచాం. మధ్యాహ్నం పై కిటికీలోంచి ఎండ పడిందంటే ఆ గుడ్డ మిలమిలా కదులుతున్నట్టే ఉంటుంది. ఆ వేళ హాల్లో జనం పల్చగా ఉంటారు. నేను జిగురు గిన్నె ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంటాను. కథల అలమరకీ చరిత్ర అలమరకీ మధ్యనుంచి మీ ఓడ మెల్లగా వస్తుంది. అంచున నువ్వు నూనె చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంటావు. లైబ్రరీ అని తెలిసినట్టు ఓడ కూత కూడా వెయ్యదు. నా పక్కనుంచే పోతుంది, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా. ఎవరో పుస్తకం తిరిగివ్వడానికి వచ్చి దగ్గుతారు, అప్పుడు లేచి వెళతాను.

ఆ బొమ్మల్లో ఒకటుంది. మట్టి తవ్వే పెద్ద యంత్రం, దాని ఇనుప తొట్టి నేలకు ఆనించి ఉంది. ఆ తొట్టిలో ఒక మనిషి ముడుచుకుని నిద్రపోతున్నాడు. మొహం మీద టోపీ. ఎవరో తెలియదు, పుస్తకంలోనూ రాయలేదు. చుట్టూ కొండ కోసిన గోడలు. బహుశా భోజనాల వేళ అయి ఉంటుంది. ఆ బొమ్మ కింద ఏం రాయాలో తోచక చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. అతను నిద్రపోయిన చోటు ఇప్పుడు ఎంతో లోతున నీళ్ళ అడుగున ఉంది కదా. ఆ నిద్రలో అతనికి నీళ్ళు కలలోకి వచ్చాయో, ఇల్లు వచ్చిందో. మీ ఓడ అతని మధ్యాహ్నపు కునుకు మీదుగా పోతుంది బుజ్జీ. కాస్త నెమ్మదిగా పోనిమ్మని మీ కెప్టెనుకి చెప్పు. చివరికి ఆ అట్ట మీద పనివాడి విశ్రాంతి అని మాత్రం రాశాను.

బొమ్మలు చాలవు, నీళ్ళు కూడా ఉండాలంది లైబ్రేరియనమ్మ. ఓడను మెట్టెక్కించే గది ఒకటి నమూనా చేయించి మధ్యలో పెట్టాలని ఆవిడ పట్టుదల. కాలువ కొండమీదికి ఎక్కాలి కదా, నీళ్ళేమో ఎక్కవు. అందుకని ఓడను ఒక గదిలోకి రానిచ్చి, వెనక తలుపు మూసి, పైనున్న నీళ్ళను లోపలికి వదులుతారు. గది నిండేకొద్దీ ఓడ తేలుతూ పైకి లేస్తుంది. అప్పుడు ముందు తలుపు తీస్తే మెట్టు ఎక్కేసినట్టే. నీకు చెబుతున్నానేమిటి, నీ పనే అది. కానీ నేను నేర్చుకున్నానని నీకు తెలియాలిగా.

ఆ నమూనా పని మా తలుపుల మేస్త్రీకి అప్పగించారు. ఆయన గురించి నీకెప్పుడూ రాయలేదు. మా లైబ్రరీ తలుపులు, అలమరలు అన్నీ ఆయన బాగుచేస్తూ ఉంటాడు. వీధి చివర వర్క్‌షాపు. ఇళ్ళకు తలుపులు చెయ్యడం తప్ప ఇంకే పనీ ఒప్పుకోడు కాబట్టి ఆ పేరు వచ్చింది. కుర్చీ చేసిపెట్టమంటే, కుర్చీ మనిషిని కూర్చోబెడుతుంది, తలుపు లోపలికి రానిస్తుంది, నాకు రెండోదే ఇష్టం అంటాడు. నెరిసిన జుట్టు, చెవి మీద పెన్సిలు, మాట తక్కువ. ఆ పెన్సిలు చెవి మీద ఉందని మరచిపోయి ఊరంతా వెతుకుతాడు. నమూనా అనగానే ముందు వద్దన్నాడు. అందులో తలుపులున్నాయని తెలిశాక సరేనన్నాడు.

చాలా ముచ్చటగా చేశాడు. చదువుకునే బల్ల అంత పొడవున చెక్క తొట్టి, లోపల రేకు, పైన ఒక నీళ్ళ తొట్టి, మధ్యలో ఓడ గది, దానికి రెండు జతల బుల్లి తలుపులు. తలుపులకు ఇత్తడి బందులు కూడా పెట్టాడు. చిన్న ఓడ కూడా తానే చెక్కాడు. మీ ఓడకు ఏ రంగు వేశారని ఆ మధ్య ఫోనులో అడిగితే, ఎందుకమ్మా అన్నావు, ఊరికే అన్నాను చూడు, ఇందుకే. పొగగొట్టానికి ఎర్ర రంగు నేనే వేశాను.

ప్రారంభానికి ముందు ఒకసారి నీళ్ళు పోసి చూద్దామని అందరం చుట్టూ చేరాం. పై తొట్టి నిండింది. తలుపులు ఓ క్షణం ఆగాయి. ఆ తర్వాత రెండు రెక్కలూ భళ్ళున తెరుచుకున్నాయి, వాటి వెనక రెండో జత కూడా, నీళ్ళన్నీ ఒక్కసారిగా హాల్లోకి వచ్చి పడ్డాయి. మీ ఓడ గాల్లోకి లేచి నిఘంటువుల అలమర కిందికి దూరింది. గుమ్మం దగ్గర విప్పుకున్న చెప్పులు తేలుతూ వరండాలోకి పోయాయి. రోజూ వచ్చే దినపత్రికల పెద్దాయన మాత్రం కాళ్ళు రెండూ కుర్చీ మీదికి ఎత్తి పెట్టుకుని, కాగితంలోంచి తల ఎత్తకుండా చదువుకుంటూనే ఉన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. అది మేస్త్రీ చూశాడు. చిన్నబోయి, చెవి మీది పెన్సిలు తీసి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత ఆయన రాలేదు. నాకు పని సాగలేదు. నవ్వినందుకు కొంత, అసలు ఎందుకలా జరిగిందో తెలియక కొంత. పుస్తకాలు తీసి ఆ తలుపుల బొమ్మలన్నీ చూశాను. కొత్త కళ్ళజోడు అప్పుడు పనికొచ్చింది. చూస్తే ఏముంది, కాలువ తలుపు రెక్కలు మన ఇళ్ళ తలుపుల్లాగా తిన్నగా ఒకే వరసలో మూసుకోవు. ఎత్తు నీళ్ళ వైపుకి ముక్కులాగా పొడుచుకొచ్చి కలుసుకుంటాయి. నీళ్ళు ఎంత నెడితే అవి ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకుంటాయి. మన మేస్త్రీ జీవితమంతా ఇళ్ళకే బిగించాడేమో, బయటినుంచి తోస్తే లోపలికి తెరుచుకునేలా చక్కగా పెట్టాడు. నీళ్ళు వచ్చాయి, తోశాయి, తలుపులు మర్యాదగా దారి ఇచ్చాయి.

బొమ్మ పట్టుకుని వర్క్‌షాపుకి వెళ్ళాను. చెక్కపొట్టు మధ్య పనిముట్ల పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. బొమ్మ తీసుకుని చూశాడు. రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి, వేళ్ళ కొసలు కలిపి, అటూ ఇటూ వంచి చూసుకున్నాడు. అప్పుడన్నాడు.

"ఇన్నాళ్ళూ తలుపంటే మనిషి చేతికి లొంగాలనుకున్నానండీ. ఇది చేతికి లొంగేది కాదు. రెండు పక్కలా నీళ్ళు సమానమైతే తప్ప దీన్ని ఎవరూ తియ్యలేరు."

నవ్వినందుకు ఏమీ అనుకోవద్దని అన్నాను. మీరు నవ్వారనే వెళ్ళిపోయాను, మిగతావాళ్ళు నవ్వితే అక్కడే ఉండి తుడిచేవాణ్ణి అన్నాడు. మర్నాడు వచ్చి తలుపులు విప్పి, రెక్కలు మళ్ళీ కోసి, ముక్కులా కలిసేట్టు బిగించాడు.

ప్రదర్శన మొదలయ్యాక ఆ నమూనా దగ్గర నన్ను నిలబెట్టారు. జనం రావడమూ, చిటికెన వేలితో ఆ బుల్లి తలుపుల్ని తొయ్యడమూ. నీళ్ళు ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క పల్లంగా ఉన్నంతసేపూ అవి కదలవు. పెద్ద పెద్ద మీసాల మనిషి వచ్చి బొటనవేలు పెట్టి నొక్కాడు, ఊహూఁ. అప్పుడు నేను, ఆగండి, నీళ్ళు సమానం కానివ్వండి అని చెప్పి, చిన్న బిరడా తీస్తాను. పై నీళ్ళు చప్పుడు లేకుండా లోపలికి జారతాయి. ఎర్ర పొగగొట్టం ఓడ లేస్తుంది, ఎంత నెమ్మదిగా అంటే, చూస్తున్నవాళ్ళకు అది లేస్తోందో, తామే కిందికి దిగుతున్నారో తెలియదు. ఆ కాసేపూ నీటి మీది వెలుగు పైకప్పు మీద ఆడుతుంది. అందరూ ఒకే కల కంటున్నట్టు నిలబడతారు. ఇటూ అటూ ఒకే ఎత్తుకు రాగానే ఊపిరి తగిలినా చాలు, తలుపులు విడిపోతాయి. రోజంతా ఆ ఒక్క మాటే చెప్పీ చెప్పీ, కునుకు తీసినప్పుడు కూడా అదే కలవరిస్తున్నాను. అలా చెబుతూ చెబుతూ ఉండగా, ఒకనాడు ఆ మాట నాకే తగిలింది.

ఇక నీళ్ళు నమలను. వంటగది తలుపు మేస్త్రీ బాగుచేశాడు.

లైబ్రరీలో ఏదో మాటల్లో చెప్పాను, సాయంత్రం పనిముట్లతో వచ్చాడు. తలుపుని తిప్పి చూసి, గుమ్మం చెక్కితే పని తేలిక అన్నాడు. అంతలో గుమ్మం మీది గీతలు కనపడ్డాయి. నీ పొడుగు కొలుస్తూ మీ నాన్న పెట్టిన గీతలు. ఇవెవరివండీ అని అడిగాడు. మా అబ్బాయివి, మోకాలి ఎత్తు దగ్గర మొదలుపెట్టాడు, ఇప్పుడు సముద్రాల మీద తిరుగుతున్నాడు అన్నాను. అయితే గుమ్మం ముట్టుకోను అన్నాడు. బరువైన ఆ తలుపుని ఒక్కడూ ఊడదీసి, వాకిట్లో పెట్టుకుని, చీకటి పడేదాకా దాని అంచునే చిత్రిక పట్టాడు. నీ గీతలు ఒక్కటీ చెదరలేదు. నేను టీ పెట్టి ఇచ్చాను. మీ నాన్న కుర్చీ చూపించి కూర్చోమన్నాను. దాని మీద అరిగిన చోటు చూశాడు, అది ఎవరిదో ఆయనే గ్రహించాడు. తన పనిముట్ల పెట్టె మీదే కూర్చుని తాగాడు. అప్పటినుంచి ఎన్నిసార్లు వచ్చినా ఆ పెట్టె మీదే కూర్చుంటాడు.

అవును, ఎన్నోసార్లు వచ్చాడు. ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోం. నేను పుస్తకం కుడతాను, ఆయన ఏదో ఒకటి చెక్కుతూ ఉంటాడు. ఆయన వెళ్ళాక ఇల్లు మునుపటికంటే ఖాళీగా ఉంటోందని ఒకరోజు గమనించాను. గమనించి భయపడ్డాను కూడా. పోయిన వారం ఆయన అడిగాడు. మిగిలిన రోజులు కలిసి ఉందామా అని, ఇంతే, అలంకారాలేం లేవు. నాకు అబ్బాయి ఉన్నాడు, వాడికి రాయాలి అన్నాను.

"రాయండి. మీ అబ్బాయికి ఇష్టం లేకపోతే ఇలాగే టీ తాగి వెళుతూ ఉంటాను. అదొక్కటీ ఆపెయ్యకండి."

నాకు ఆయనంటే ఇష్టం బుజ్జీ. ఈ వయసులో ఈ మాట కొడుక్కి రాస్తానని నేను ఎన్నడూ అనుకోలేదు. రాసేశాను, కొట్టివేయను.

నీకు గుర్తుండే ఉంటుంది. మీ నాన్న పోయిన రెండేళ్ళకో ఎప్పుడో, మీ పెద్దమ్మ వచ్చి, దీనికి ఇంకా వయసేం మించిపోయిందని, మళ్ళీ ఒక తోడు చూద్దామా అంది. నేనింకా నోరు విప్పలేదు. నువ్వు అన్నం ముందునుంచి లేచి, మీ నాన్న కుర్చీని ఎత్తుకుని నీ గదిలోకి తీసుకుపోయి తలుపేసుకున్నావు. ఆ తర్వాత ఓడ ఉద్యోగం వచ్చింది, వెళ్ళావు. కుర్చీ మళ్ళీ హాల్లోకి వచ్చింది గానీ, ఆ తలుపు నాకు మళ్ళీ పూర్తిగా తెరుచుకోలేదు. నిన్ను తప్పు పట్టడం లేదురా. నాన్న పోయినవాడివి, ఇంకేం చేస్తావు. కానీ అప్పటినుంచీ, అంతా బాగే, ఏమీ విశేషాల్లేవు అంటూ ఆ తలుపుని నేను తోస్తూనే ఉన్నాను. నా వైపు సంగతులు ఒక్క చుక్క కూడా నీవైపు రానివ్వకుండా. ఆ మీసాల మనిషి బొటనవేలు చూసినప్పుడు నాకు వచ్చిన నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. అందుకే ఇవాళ బిరడా తీసేశాను.

నువ్వు సరేనంటే, రిజిస్ట్రారు ఆఫీసులో ఇద్దరం సంతకాలు పెడతాం, అంతకు మించి ఏమీ చెయ్యం. సంతకం నాడు నువ్వు పక్కన ఉండాలి. నువ్వు వద్దన్నా ఆయన పెట్టె మీద కూర్చుని టీ తాగడం మాత్రం మానదు, అది నా మాట. కానీ నువ్వు కోపం వచ్చి ఇంటికి రావడం మానేస్తే, అది తట్టుకోవడం నా వల్ల కాదు. నాకున్న భయం అదొక్కటే. మీ నాన్న కుర్చీ ఉన్నచోటే ఉంటుంది. నువ్వు వచ్చినప్పుడు దాన్లో నువ్వే కూర్చో.

ఇది నీకు రేవులోనే అందుతుంది, ఓడ ఇంకా కింది నీళ్ళ మీద ఉండగా. చదవగానే నీకు ఒళ్ళు మండుతుంది, నాకు తెలుసు, నీది ముక్కు మీది కోపం. అప్పుడు జవాబు రాయకు. కాగితం మడిచి జేబులో పెట్టుకో. మీ ఓడ ఆ గదిలోకి వెళ్ళాక, వెనక తలుపు మూశాక, మీ పైఅధికారుల్నడిగి ఇంజను గదిలోంచి ఒకసారి పైకి రా. పక్కగోడ మీద నీటి మట్టం గీతలు ఉంటాయట, మన గుమ్మం మీద ఉన్నట్టే. అవి ఒక్కొక్కటే మునుగుతుంటే చూస్తూ నిలబడు. ఎవరూ నెట్టరు, ఎవరూ లాగరు. ముందు తలుపు దానంతట అది విడిపోయేటప్పుడు నీ మనసులో ఏముంటే అది రాయి. అది ఏదైనా సరే, అదే నీ జవాబనుకుంటాను.

ఇక్కడ రోజూ సాయంత్రం హాలు మూసే ముందు ఆ ఎర్ర పొగగొట్టం ఓడని అడుగున వదిలిపెట్టి పోవడానికి నాకు చేతులు రావు. అందరూ వెళ్ళాక బిరడా తీసి, నీళ్ళు నింపి, పైకి వచ్చాకే దీపాలు ఆర్పుతాను.

ఇట్లు,
పై నీళ్ళ దగ్గర నీ కోసం చూస్తున్న
మీ అమ్మ